ఎదుట ఒడ్డు, పక్కన ఊపిరి



కార్తీకం వెళ్ళిపోయి వారం రోజులైంది. విజయవాడ దుర్గాఘాట్‌లో, తెల్లవారుజామున, మెట్ల మీద నిలబడి ఉన్నాను. నీళ్ళ మీద అక్కడొకటి ఇక్కడొకటి అరటి దొప్పలు ఇంకా తేలుతున్నాయి. వాటిలో ఒత్తులు ఎప్పుడో ఆరిపోయాయి. మేం ఐదుగురం. మాకు తోడుగా ఒక పడవ. పడవ మీద ఒక పెద్దాయన, సరంగు. అవతలి ఒడ్డు సీతానగరం. అక్కడిదాకా ఈదడం, కాసేపు మెట్ల మీద కూర్చోవడం, పడవెక్కి తిరిగి రావడం. ఇదీ మా ఏర్పాటు.

అప్పటికి ఏడాదిగా నేను స్విమ్మింగ్ పూల్‌లో రోజూ ఈదుతున్నాను. ఆగకుండా ఇరవై రౌండ్లు కొట్టగలను. అంచేత ధీమాగా దిగాను. తల నీళ్ళలో పెట్టాను. బారలు వేయడం మొదలుపెట్టాను. పది, ఇరవై, నలభై, అరవై. లెక్కపెట్టుకుంటూ పోతున్నాను. ఆహా, ఎంత బాగా ఈదుతున్నానో అనుకున్నాను.

ఇంతలో పడవ మీంచి కేక.

“మాస్టారూ! ఓ మాస్టారూ! సీతానగరం అటుంటే మీరిటు పోతారేంటండీ?”

తలెత్తి చూద్దును కదా, ఎదురుగా సీతానగరం కొండ లేదు. ప్రకాశం బ్యారేజీ గేట్లు వరసగా నిలబడి నన్నే చూస్తున్నాయి! నేను పోవాల్సింది దక్షిణానికి. పోతున్నది తూర్పుకి.

కంగారుపడి, ఇంకా బాగా చూద్దామని, మెడంతా పైకెత్తాను. అంతే, నడుము కిందికి జారింది. కాళ్ళు మునిగాయి. నోట్లోకి నీళ్ళొచ్చాయి. పొలమారింది. అన్నం తింటూ పొలమారితే తల మీద తట్టడానికి పక్కన అమ్మ ఉంటుంది. నది మధ్యలో ఎవరుంటారు? ఆ పెద్దాయన తెడ్డు చాచి, “పట్టుకోండి, ముందు ఊపిరి తీసుకోండి, దారి తర్వాత చూద్దాం” అన్నాడు.

ఆ ఒక్క నిమిషంలో నేను రెండు తప్పులు చేశాను. చూడాల్సినప్పుడు చూడలేదు. చూసినప్పుడు ఊపిరి సంగతి మరిచిపోయాను. ఇవాళ మీతో ఆ రెండింటి గురించే మాట్లాడతాను. నదిలో, చెరువులో, సముద్రంలో, అంటే గోడలు లేని నీళ్ళలో, ఈదేవాడు దారి ఎలా చూసుకోవాలి, ఊపిరి ఎలా తీసుకోవాలి. చూపు, ఊపిరి. ఈ రెండే.

ముందు చూపు సంగతి.

పూల్‌లో ఈదినవాళ్ళకి తెలుసు. అడుగున నల్లగీత ఒకటి ఉంటుంది. తల దించుకుని ఆ గీత వెంట పోతే చాలు, ఎదుటి గోడ దానంతటదే వస్తుంది. ఏడాదిపాటు నాకు దారి చూపించింది ఆ గీత. నేనేమో తిన్నగా ఈదడం నాకు వచ్చేసిందనుకున్నాను. కృష్ణానదిలో నల్లగీత ఎవరు గీస్తారండీ? తల లోపల పెడితే పచ్చటి మసక. మన చెయ్యి మనకే సరిగా కనపడదు.

దారి కనపడకపోతే మనిషి తిన్నగా పోలేడు. ఇది నా ఒక్కడి సంగతే అనుకోకండి. 2009లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు కొందరిని పెద్ద అడవిలోను, సహారా ఎడారిలోను తిన్నగా నడవమన్నారు. సూర్యుడో చంద్రుడో కనిపించినంతసేపు తిన్నగా నడిచారు. మబ్బు పట్టగానే గుండ్రంగా తిరిగారు. కళ్ళకి గంతలు కట్టి నడవమంటే, మైదానంలో ఇరవై మీటర్ల వలయంలో కూడా తిరిగినవాళ్ళున్నారు. గంతలు కట్టిన గానుగెద్దే అనుకోండి. నేల మీద, రెండు కాళ్ళ మీద నడిచేవాడి గతే ఇది. ఇక నీళ్ళలో చెప్పాలా? మనకి ఒక చెయ్యి బలంగా ఉంటుంది, ఒక చెయ్యి కాస్త తక్కువ. నా కుడిచెయ్యి గట్టిగా లాగుతుంది. అది లాగినప్పుడల్లా ఒళ్ళు ఎడమకి తిరుగుతుంది. ఒక్క బారకి ఆ తేడా తెలియదు. అరవై బారలకి సీతానగరం పోయి బ్యారేజీ వస్తుంది!

మరి మన పల్లెటూరి పిల్లలు? వాళ్ళకి ఈ బాధ లేదు. మా పెదనాన్నగారి అబ్బాయిలు దిగుడుబావిలో, పంటకాలవలో నేర్చుకున్నారు. నడుముకి జీలుగు బెండ్లు కట్టుకుని, పైన తాడు పట్టుకున్న మనిషి అదిలిస్తుంటే, నాలుగు రోజుల్లో ఈత వచ్చేసింది. మా అమ్మ నన్ను బావి దరిదాపులకి పోనిచ్చేది కాదు. అందుకే నాకు నలభై దాటాక వచ్చింది. ఆ కాలవ ఈత ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. తల ఎప్పుడూ పైనే. ఎదురుగా ఏముందో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. కాలవ దాటడానికి అది చాలు. కానీ కిలోమీటరు ఈదాలంటే మెడ పట్టేస్తుంది, నడుం లాగేస్తుంది, కాళ్ళు బరువెక్కుతాయి.

అంటే కాలవ ఈతలో చూపుంది, ఒడుపు లేదు. పూల్ ఈతలో ఒడుపుంది, చూపు లేదు. నదిలో ఈదేవాడికి రెండూ కావాలి.

ఇప్పుడు ఊపిరి దగ్గరికి వద్దాం. ఊపిరి కుదిరితేనే చూపు కుదురుతుంది. అందుకని ఎలా చూడాలో చెప్పేముందు ఇది చెప్తాను.

కొత్తగా ఈదేవాళ్ళని చూడండి. మొహం నీళ్ళలో పెట్టగానే ఊపిరి బిగబడతారు. బుగ్గలు పూరీల్లా పొంగుతాయి. తల పక్కకి తిప్పగానే, ఉన్న ఆ కాస్త సమయంలో, ముందు లోపలి గాలి వదలాలి, తర్వాత కొత్త గాలి పీల్చాలి. రెండు పనులు. సమయం ఒక పనికే ఉంది. సగం వదులుతారు, సగం పీలుస్తారు. నాలుగు బారలకి ఒగర్పు, పది బారలకి భయం. “నాకు దమ్ము చాలట్లేదు” అంటారు. దమ్ము చాలకపోవడం కాదండీ, వదలకపోవడం!

మనకి ఊపిరాడనట్టు అనిపించేది ముఖ్యంగా ఎందుకో తెలుసా? లోపల ప్రాణవాయువు తగ్గినందుకు కన్నా, చెడు గాలి, అదే కార్బన్ డయాక్సైడ్, పేరుకుపోయినందుకు. బిగబట్టిన కొద్దీ అది పెరుగుతుంది. అది పెరిగిన కొద్దీ మెదడు గంట కొడుతుంది. కాబట్టి ఈతలో మొదటి పాఠం పీల్చడం కాదు, వదలడం. మొహం నీళ్ళలో ఉన్నంతసేపూ ముక్కు నుంచో నోటి నుంచో సన్నగా, ఆగకుండా, బుడగలు వదులుతూనే ఉండాలి. లోపల ఖాళీ అయితే, తల తిప్పగానే గాలి దానంతటదే లోపలికొస్తుంది. మీరు పీల్చనక్కర్లేదు, చోటిస్తే చాలు.

దీనికి నదిదాకా పోనక్కర్లేదు. ఇంట్లో పెద్ద బేసిన్ నిండా నీళ్ళు పట్టండి. బల్ల మీద పెట్టండి. మొహం అందులో ముంచి, మ్... అని సన్నగా మూలగండి. మూలుగుతున్నంతసేపు ముక్కులోకి నీళ్ళు రావు, బుడగలు పోతూనే ఉంటాయి. ఇప్పుడు తల పైకెత్తకుండా పక్కకి మాత్రమే తిప్పండి. ఒక చెవి నీళ్ళలోనే ఉండాలి. ఒక కన్ను కూడా నీళ్ళలోనే ఉండాలి. నోరు ఒక మూల నుంచి తెరిచి, గుక్కెడు గాలి తీసుకుని, మళ్ళీ మొహం లోపలికి. మళ్ళీ మూలుగు. రోజూ ఐదు నిమిషాలు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. మా ఆవిడ కూడా నవ్వింది. నవ్వనివ్వండి.

ఇంకో రహస్యం చెప్తాను. మనం ఈదుతూ ముందుకి పోతుంటే, తల ముందు నీరు కాస్త ఎత్తుగా లేస్తుంది. పడవ ముక్కు ముందు లేస్తుందే, అలా. అలా లేచిన చోటికి కాస్త వెనక, సరిగ్గా మన బుగ్గ పక్కన, నీళ్ళలో చిన్న గుంట పడుతుంది. మన నోటికి గాలి అందేది ఆ గుంటలోనే. కాబట్టి గాలి కోసం ఆకాశంలోకి చూడక్కర్లేదు. పక్కకి తిరిగితే చాలు. ఒళ్ళు పక్కకి ఒత్తిగిలుతుంది, దాంతోపాటే తల తిరుగుతుంది. పడుకుని ఒత్తిగిలినట్టే.

ఇప్పుడు అసలు కిటుకు. చూపుని, ఊపిరిని ఎలా కలపాలి?

నేను కృష్ణలో చేసిన తప్పు గుర్తుందా? ఒకే ఎత్తులో చూసేద్దాం, గాలి కూడా పీల్చేద్దాం అనుకుని మెడంతా పైకి లేపాను. నీళ్ళ మీద మనిషి ఒళ్ళు కావిడి బద్ద లాంటిది. ఇటు చివర లేస్తే అటు చివర దిగుతుంది. తల ఎంత లేస్తే కాళ్ళు అంత మునుగుతాయి. కాళ్ళు మునిగితే ఈత ఆగుతుంది. ఆగినవాణ్ణి నీళ్ళు లాగుతాయి.

మొసలిని ఎప్పుడైనా చూశారా? జూలోనో, సినిమాలోనో? గజేంద్రుణ్ణి పట్టిన కథ అందరికీ తెలుసు కానీ, మొసలి చూసే తీరు ఎవరూ పట్టించుకోరు. ఒళ్ళంతా నీళ్ళలో ఉంటుంది. పైన కళ్ళు, ముక్కు కొస మాత్రమే. అంతకన్నా ఒక్క అంగుళం కూడా పైకి తేలదు. నదిలో ఈదేవాడూ అలాగే చూడాలి. కళ్ళు మాత్రం నీటి పైకి రావాలి. నోరు రాకూడదు. మనకి ముక్కు కూడా అక్కర్లేదు.

ఎప్పుడు చూడాలి? ఊపిరి తీసుకోబోయే ముందు. నేను కుడివైపు ఊపిరి తీసుకుంటాను. నా ఎడమచెయ్యి ముందుకి చాచి నీళ్ళ మీద ఆనించినప్పుడు, ఆ చేతి ఆసరాతో కళ్ళు పైకి తెస్తాను. ఎదురుగా ఒక్క చూపు. వెంటనే, ఆపకుండా, తలని కుడిపక్కకి దొర్లిస్తాను. అక్కడ ఊపిరి. కుడిచెయ్యి ముందుకి వచ్చేసరికి మొహం మళ్ళీ లోపల. కళ్ళు ఎదుటికి, నోరు పక్కకి. రెండూ ఒకే కదలికలో. వినడానికి పెద్దగా ఉంది కానీ, చేస్తే ఒక్క చిటికె కాలం.

మూడు మాటల్లో చెప్తాను, గుర్తు పెట్టుకోండి. వదులు. చూడు. పీల్చు. నీళ్ళలో వదులు. మొసలిలా చూడు. పక్కకి తిరిగి పీల్చు. వదులు, చూడు, పీల్చు.

అలా ఎన్ని బారలకొకసారి చూడాలి? నీళ్ళు నిలకడగా ఉంటే ఎనిమిది పది బారలకొకసారి. అలలుంటే, ప్రవాహం లాగుతుంటే, ఇంకా తరచుగా. ఎక్కువసేపు చూడటం కన్నా ఎక్కువసార్లు చూడటం మేలు. ఒక్క చూపులో అంతా కనపడదు. మొదటి చూపులో కొండ కనిపిస్తుంది. రెండో చూపులో గుడి గోపురం. మూడో చూపులో రేవు మెట్లు. మూడు చూపులూ కలిస్తే ఒక బొమ్మ. కనపడలేదని ఆగి వెతక్కండి. వచ్చే బారకి మళ్ళీ చూడొచ్చు.

సముద్రంలో అయితే ఇంకో మెలకువ. రెండు కెరటాల మధ్య పల్లంలో ఉన్నప్పుడు తలెత్తితే నీటిగోడ తప్ప ఏమీ కనపడదు. కెరటం మనల్ని పైకి లేపుతుంది చూడండి, అప్పుడు చూడాలి. ఉయ్యాల పైకి పోయినప్పుడు ప్రహరీగోడ అవతలి వీధి కనిపిస్తుందే, అలా. కెరటం ఎత్తితే చూడు, దింపితే ఈదు.

ఇక దేన్ని చూడాలి? ఇది నీళ్ళలో దిగాక ఆలోచించే విషయం కాదు. ఒడ్డునే తేల్చుకోవాలి. నీళ్ళలోంచి చూస్తే చిన్నవేవీ కనపడవు. మనుషులు కనపడరు, జెండా కనపడదు, పందేలలో దారికి గుర్తుగా నీళ్ళ మీద తేలవేసే రంగు బోయలు కూడా కెరటం చాటున పోతాయి. కాబట్టి పెద్ద గుర్తు కావాలి. కొండ, వాటర్ ట్యాంకు, సెల్ టవరు, లైట్‌హౌస్, గోపురం.

ఒకటి కాదు, రెండు గుర్తులు పెట్టుకోండి. ఇది మన సముద్ర తీరంలో వేటకెళ్ళే మత్స్యకారులకి ఎవరూ చెప్పనక్కర్లేని విద్య. ఒడ్డున దగ్గరగా ఒక గుర్తు, దాని వెనకాల దూరంగా మరో గుర్తు. రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయా, పడవ గీత మీద ఉన్నట్టే. నేనిప్పుడు సీతానగరం రేవు మెట్లని, వాటి వెనకాల కొండనీ గుర్తు పెట్టుకుంటాను. మెట్లు కొండకి కుడివైపు జరిగినట్టు కనిపిస్తే, నేను ఎడమకి కొట్టుకుపోతున్నానని అర్థం. అంటే బ్యారేజీ వైపు! ఒక్క గుర్తే పెట్టుకుంటే, ప్రవాహం పక్కకి నెట్టేస్తున్నా మొహం దాని వైపే ఉంటుంది కాబట్టి సరిగ్గానే పోతున్నామనిపిస్తుంది. రెండు గుర్తులైతే ఆ మోసం సాగదు.

ఊపిరి ఒకవైపే అలవాటు చేసుకోకండి. రెండువైపులా నేర్చుకోండి. ఎందుకో చెప్తాను. పొద్దున్నే దుర్గాఘాట్ నుంచి సీతానగరం పోతుంటే సూర్యుడు ఎడమపక్క. ఎడమకి తిరిగితే కళ్ళు జిగేల్‌మంటాయి. కాబట్టి కుడికి తిరగాలి, భవానీ ద్వీపం వైపు. అటునుంచి ఇటు ఈదుకుంటూ వస్తే సూర్యుడు కుడిపక్క. అప్పుడు ఎడమకి తిరగాలి. అల ఎడమనుంచి కొడుతుంటే కుడికి, కుడినుంచి కొడుతుంటే ఎడమకి. ఒకవైపే వచ్చినవాడు ఎండనీ అలనీ బతిమాలుకోవాలి. రెండువైపులా వచ్చినవాడు తనకి వీలైన పక్కని ఎంచుకుంటాడు. మూడు బారలకొకసారి ఊపిరి తీసుకోవడం సాధన చేస్తే రెండు పక్కలూ వాటంతటవే అలవాటవుతాయి. చేతుల బలమూ కాస్త సమానమవుతుంది.

ఇదంతా కొత్త విద్యేమీ కాదు. ఆధునిక ఒలింపిక్స్‌లో ఈత మొదలైందే సముద్రంలో. 1896లో ఏథెన్స్‌లో, చల్లటి జియా అఖాతంలో పోటీలు పెట్టారు. హంగేరీ కుర్రాడు ఆల్ఫ్రెడ్ హాయోష్ చలికి తట్టుకోవడానికి ఒంటికి కొవ్వు పూసుకుని దిగి గెలిచాడు. ఒలింపిక్స్‌కి పూల్ వచ్చింది 1908లో, లండన్‌లో. ఆ తర్వాత వందేళ్ళకి, 2008లో బీజింగ్‌లో, గోడలు లేని నీళ్ళలో పది కిలోమీటర్ల ఈత పోటీ పెట్టారు.

గోడలు లేని నీళ్ళంటే ముందు గుర్తొచ్చేది ఇంగ్లిష్ ఛానెల్. ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య, ఇరుకైన చోట, తిన్నగా కొలిస్తే సుమారు 33 కిలోమీటర్లు. 1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ దాన్ని మొదటిసారి ఈదాడు. దాదాపు 22 గంటలు. తల పైకి ఉండే బ్రెస్ట్ స్ట్రోక్‌తోనే ఈదాడు, అంటే చూపుకి లోటు లేదు. అయినా ఆటుపోట్లు అటూ ఇటూ లాగి, ఆయన చేత దాదాపు రెట్టింపు దూరం ఈదించాయి. ఫ్రాన్స్ ఒడ్డు కళ్ళెదుట కనిపిస్తున్నా కొన్ని గంటలపాటు అందలేదు. దారి కనిపించడం ఒకటి, నీళ్ళు పోనివ్వడం ఇంకొకటి.

1926లో అమెరికా అమ్మాయి గెర్‌ట్రూడ్ ఎడర్లీ అదే ఛానెల్‌ని పద్నాలుగున్నర గంటల్లో దాటింది. అంతకుముందు దాటిన మగవాళ్ళందరికన్నా తక్కువ సమయం. తల నీళ్ళలో పెట్టి, పక్కకి ఊపిరి తీసుకుంటూ, క్రాల్ ఈదింది. ఉప్పునీళ్ళు కళ్ళలోకి పోకుండా కళ్ళద్దాల అంచులకి మైనం పట్టించుకుంది. చూపు విలువ ఆమెకి తెలుసు.

మన దేశం నుంచి 1958లో మిహిర్ సేన్ ఛానెల్ దాటాడు. మరుసటి ఏడాది ఆరతీ సాహా. ఆరతి మొదటి ప్రయత్నం గుర్తుంచుకోదగ్గది. తోడు పడవ ఆలస్యంగా వచ్చింది. బయల్దేరడం ఆలస్యమైంది. ఇంగ్లండ్ ఒడ్డు ఇంక ఐదు మైళ్ళుందనగా ఎదురు ప్రవాహం తగులుకుంది. గంటల తరబడి ఈదినా రెండు మైళ్ళు మించి జరగలేదు. పడవలోకి ఎక్కక తప్పలేదు. నెల తిరిగాక, 1959 సెప్టెంబరు 29న, మళ్ళీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటింది. ఆసియా ఖండంలోనే మొదటి మహిళ.

అంత దూరం ఈదేవాళ్ళు దారి ఎలా చూసుకుంటారు? మనలా గుర్తులు వెతుక్కోరు. పక్కన తోడు పడవ ఉంటుంది. దారి చూసే బాధ్యత పడవ నడిపేవాడిది. ఈదేవాళ్ళు ఊపిరి కోసం పడవ వైపు తిరుగుతారు. పడవ అక్కడే ఉంటే దారి సరే. అంటే అక్కడ ఊపిరీ చూపూ ఒకటైపోతాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా దారి చూసినట్టే!

మన సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల గారి సంగతి వినే ఉంటారు. నీళ్ళంటే భయం. ఆ భయం పోగొట్టుకోవడానికని నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చి 19న శ్రీలంకలోని తలైమన్నార్‌లో చీకటితో దిగి, పాక్ జలసంధిని ఈది, 13 గంటల 43 నిమిషాల తర్వాత ధనుష్కోటిలో ఒడ్డెక్కారు. సుమారు 30 కిలోమీటర్లు. నలభై దాటిన తర్వాత ఈతేంటని అడిగేవాళ్ళకి నేను ఆవిడ పేరు చెప్తాను.

‘ఈతకు మించిన లోతు లేదు’ అని మన సామెత. ఈత వచ్చినవాడికి లోతు ఎంతైనా ఒకటే. నిజమే. కానీ ఈతకి మించిన ప్రవాహం ఉంటుంది, ఈతకి మించిన సుడి ఉంటుంది. ఇందాక చెప్పిన కెప్టెన్ వెబ్, ఛానెల్‌ని జయించిన మనిషి, 1883లో నయాగరా సుడుల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అంతటి గజఈతగాణ్ణే సుడి వదల్లేదు.

అందుకని నాలుగు జాగ్రత్తలు, నెమ్మదిగా చెప్తాను.

ఒంటరిగా దిగకండి. తోడు కావాలి, పడవ ఉంటే ఇంకా మంచిది. నడుముకి కట్టుకునే రంగు బుడగ ఒకటి దొరుకుతుంది. దూరం నుంచి కూడా మనం కనపడతాం, అలిసిపోతే పట్టుకోవచ్చు.

వరద నీటిలో, గేట్లు ఎత్తినప్పుడు, ఈతకి పోకండి. ఎంత ఈత వచ్చినా సరే.

సముద్రంలో నీళ్ళు మిమ్మల్ని లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి, ఈదండి. ఆ లాగుడు పట్టీ వెడల్పు తక్కువ. దాని పక్కకి బయటపడి, అప్పుడు ఒడ్డుకి రండి.

నీళ్ళు మింగి పొలమారితే, దారి గురించి ఆలోచించకండి. వెల్లకిలా తిరగండి. ఆకాశం చూస్తూ తేలండి. దగ్గండి. ఊపిరి కుదుటపడనివ్వండి. తర్వాతే దారి. చల్లటి నీళ్ళలో దిగగానే కూడా అంతే. మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుతుంది. అప్పుడు ఈదకండి. తేలండి. అది దానంతటదే తగ్గుతుంది.

నేనూ ఆ రోజు అదే చేశాను. తెడ్డు పట్టుకుని దగ్గాను. ఊపిరి కుదుటపడ్డాక సరంగు పెద్దాయన్ని అడిగాను, “బ్యారేజీ వైపు ఎలా వచ్చేశానండీ? తిన్నగానే ఈదానే?”

ఆయన నీళ్ళ మీద తేలుతున్న ఒక అరటి దొప్పని చూపించాడు. “మీరు దిగే ముందు అది రేవు మెట్ల దగ్గరుంది మాస్టారూ. ఇప్పుడు చూడండి, మీతోపాటే వచ్చింది. అది ఈదలేదు కదా!”

ఆ దొప్ప నన్ను చూసి నవ్వినట్టనిపించింది. కృష్ణ నిలకడగా ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల నడుస్తూనే ఉంటుంది. దొప్పకి తెలిసింది నాకు తెలియలేదు.

అప్పటినుంచి నాకొక అలవాటు. నీళ్ళలో దిగేముందు ఒక పువ్వో, ఆకో వేస్తాను. చూసేవాళ్ళు భక్తి అనుకుంటారు. అనుకోనివ్వండి. అది ఎటు పోతోందో చూస్తాను. సూర్యుడెటున్నాడో చూస్తాను. ఎదుటి ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకుంటాను. ఒకసారి ఊపిరి పూర్తిగా వదులుతాను. తర్వాత దిగుతాను. ఇదంతా రెండు నిమిషాల పని.

శ్రోతల్లో ఈత వచ్చినవాళ్ళుంటే ఆ రెండు నిమిషాలు ఒడ్డున నిలబడండి. రానివాళ్ళుంటే, ఇవాళ రాత్రి బేసిన్‌లో నీళ్ళు పట్టండి. మొహం ముంచి బుడగలు వదలండి. ఈత అక్కడే మొదలవుతుంది.

వదులు, చూడు, పీల్చు. నీళ్ళలోకి మాత్రం ఎవరో ఒకర్ని తోడు తీసుకెళ్ళండి.